సారిక కంప్యూటర్ నిమిత్తం

తబితకు ఏది చూసినా ముందు దాని ఆఖరు కనపడుతుంది. మొగుడు రొయ్యల చెరువుల మీద నుంచి రావడం కాస్త ఆలస్యమైతే కాలవగట్టు కింద పడి ఉన్న మోటారు సైకిలు కనపడుతుంది. కూతురు సారిక వరసగా తుమ్మితే భీమవరం ఆస్పత్రిలో వేలాడే సెలైన్ సీసా కనపడుతుంది. అందుకని ఆ గురువారం సాయంత్రం సారిక కంప్యూటర్ తెర చటుక్కున నల్లబడి, దాని మీద తెల్ల అక్షరాలు చీమల బారుల్లా పైకి పాకడం మొదలెట్టేసరికి, గుమ్మంలో కూచుని బియ్యం ఏరుతున్న తబిత చేట పక్కన పెట్టేసి, "అయిపోయింది" అంది.

"ఏం అయిపోలేదమ్మా. మధ్యలో ఆగింది, అంతే" అంది సారిక తల తిప్పకుండా.

మధ్యలో ఆగిందన్న మాట తబితకు ఇంకా భయంగా వినపడింది.

ఆ కంప్యూటర్ కొత్తదేం కాదు. భీమవరంలో ఎవరో ఆఫీసువాళ్లు పాతవి తీసేస్తుంటే ఆమె మొగుడు ఏసుపాదం కొన్నాడు. మోటారు సైకిలు మీద వెనకాల తబితను కూచోబెట్టి, ఆమె ఒళ్లో ఆ పెట్టె పెట్టి ఇంటికి తెచ్చాడు. దారి పొడుగునా ఆమె దాన్ని పురిటి బిడ్డను పట్టుకున్నట్టు పొదివి పట్టుకుంది. పాత యంత్రానికి తేలిగ్గా ఉంటుందని సారిక అందులో లైనక్స్ వేసుకుంది. అదేమిటో తబితకు తెలియదు. పక్కింటి వాళ్ల కంప్యూటర్లలా రంగురంగుల బొమ్మలుండవనీ, పిల్ల ఎప్పుడూ అక్షరాలే కొడుతుందనీ మాత్రం తెలుసు.

సారిక ఇంజనీరింగ్ పూర్తిచేసి ఏడాది దాటింది. పరీక్షలు రాసింది, ఇంటర్వ్యూలకు వెళ్లింది, అవతలివాళ్లు తెలియజేస్తామన్నారు, తెలియజెయ్యలేదు. ఈమధ్యే విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ ఆమె దరఖాస్తు చూసి కబురు పెట్టింది. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ ఎంత ఉందో కొలిచే మీటర్లు చేస్తారట వాళ్లు. ఆ మీటరు చెప్పే అంకెలు చూసి, ఆక్సిజన్ పడిపోకముందే నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరేటర్లు వెయ్యమని హెచ్చరించే ప్రోగ్రాం ఒకటి రాసి చూపించమన్నారు. నచ్చితే ఉద్యోగం. సారికకు ఆ పని చేతికి అందొచ్చినట్టయింది. తెల్లారగట్ల ఆక్సిజన్ చాలక రొయ్య గట్టు పక్కకు వచ్చి తేలితే వాళ్ల నాన్న ఎలా పరుగెత్తుతాడో చిన్నప్పటి నుంచి చూసిన పిల్ల. నాన్నను కూచోబెట్టి మబ్బు పట్టిన రోజు ఎలా ఉంటుంది, మేత ఎక్కువైన రోజు ఎలా ఉంటుంది అని అడిగి అడిగి రాసుకుంది. సోమవారం పొద్దున్న కంపెనీవాళ్లు వీడియో కాల్‌లోకి వస్తారు. తన కంప్యూటర్ మీదే అది నడిపి చూపించాలి. తామిచ్చిన అంకెలు గానీ, దాని మీద చేసిన పని గానీ ఇంటర్నెట్‌లో ఎక్కడా పెట్టకూడదని వాళ్ల షరతు. కాబట్టి ఉన్నదంతా ఆ పెట్టెలోనే ఉంది. ఒక నకలు మాత్రం తాళంచెవుల గుత్తికి తగిలించుకునే చిన్న పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంది.

ఆ ప్రోగ్రాంకి ఇంకో సాఫ్ట్‌వేర్ సామాను కావాల్సివచ్చింది. లైనక్స్‌లో ఏ సామాను కావాలన్నా ప్యాకేజ్ మేనేజర్ అని ఒకటుంటుంది, అదే పోయి తెచ్చి ఎక్కడ పెట్టాలో అక్కడ పెడుతుంది. ఇది కావాలని అడిగితే, ముందు నీ దగ్గరున్న పాతవన్నీ మార్చాలి అందది. సరేనంది సారిక. ఫోన్ నెట్టుతో తెస్తుంటే సగంలో ఆరోజుకి డేటా అయిపోయింది. వచ్చిన సగాన్నయినా సర్దుకుంటుంటే కరెంటు పోయింది. కరెంటు వచ్చాక తెర మీద బొమ్మ లేదు, నలుపు మీద ఆ తెల్ల అక్షరాలే.

"వంటింట్లో పాత గిన్నెలు బయట పడేసి కొత్తవి తెప్పించుకుంటున్నాం అనుకోమ్మా. సగం గిన్నెలొచ్చేక ఆటో ఆగిపోయింది. ఇల్లేం కూలిపోలేదు. నా ఫైల్స్‌కి ఏం కాలేదు. ఆ మిగతా గిన్నెలు తెచ్చుకోవాలి, అంతే" అని వివరంగా చెప్పింది సారిక. తర్వాత కుర్చీ ఇటు తిప్పి, తల్లి కళ్లలోకి చూసి, "ఒక్కటి అడుగుతానమ్మా. ఇది మాత్రం సమాజంలో చెప్పకు" అంది.

సమాజం అంటే స్త్రీల సమాజం. ప్రతి శనివారం మధ్యాహ్నం చర్చి ఆడవాళ్లంతా ఎవరో ఒకరింట్లో చేరతారు. పాట, వాక్యం అయ్యాక ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఎవరి కష్టం వాళ్లు చెబితే అందరూ కలిసి దేవుడికి విన్నవిస్తారు. ఏడాదిగా తబిత చెప్పే మనవి ఒక్కటే, సారిక ఉద్యోగం. ఫలానా కంపెనీ, ఫలానా తారీకు అని పేరుపేరునా చెప్పేది. అది రాకపోతే మరుసటి వారం ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర ఒక్కొక్కరూ వచ్చి సారిక భుజం తట్టి, దేవుడు ఇంకా మంచిది దాచేడమ్మా అనేవారు. అలా తట్టించుకుని తట్టించుకుని ఆ పిల్ల మెట్ల వైపు నుంచి రావడం మానేసి పక్క గుమ్మంలోంచి రావడం మొదలెట్టింది.

"చెప్పనే" అంది తబిత. ఆ క్షణాన నిజంగానే అనుకుంది.

శుక్రవారమంతా సారిక ఆ నల్ల తెర ముందే ఉంది. తబిత వంటింట్లోంచి గదికీ గదిలోంచి వంటింటికీ తిరిగింది. ఏదో కొడుతుంది పిల్ల, అది పది వరసలు తిడుతుంది. ఒకదాన్ని బాగుచెయ్యబోతే, ఫలానాది వస్తే గానీ నేను కదలనంటుంది. ఆ ఫలానాదాన్ని కదపబోతే, ముందు అది కదిలితే గానీ నేను కదలనంటుంది. రేషన్ కార్డు కోసం వెళ్తే ఆదాయం సర్టిఫికెట్ అడిగి, ఆదాయం సర్టిఫికెట్ కోసం వెళ్తే రేషన్ కార్డు అడిగిన మండలాఫీసు గుర్తొచ్చింది తబితకు. అక్కడ తను ఏడ్చింది. సారిక ఏడవడం లేదు. పైపెచ్చు మధ్యమధ్య ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ కూనిరాగమే తబితను ఎక్కువ భయపెట్టింది. కష్టం ఎంతదో తెలియని పిల్ల అలాగే పాడుకుంటుంది అనుకుంది.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన ఏసుపాదంతో ఏమండీ, ఎవరికన్నా చూపిద్దామండీ అని గొణిగింది. "అది చూస్తందిగా. మళ్లీ ఎవరికి చూపిస్తావే" అన్నాడాయన. ఆయనకు చెరువుల సంగతి తప్ప వేరే బెంగ ఉండదు.

సాయంత్రానికి చాలావరకు దారికొచ్చింది. తిట్లు తగ్గి రెండు మూడు వరసలకు వచ్చాయి. మిగిలిన గిన్నెలు మాత్రం పెద్దవి, ఫోన్ డేటాతో రావు. భీమవరంలో సారిక స్నేహితురాలు రమ్యశ్రీ ఇంకో ఇద్దరితో కలిసి గది తీసుకుని ఉంటోంది. అక్కడ వైఫై ఉంది. రేపు అక్కడికి వెళ్లి వాటిని పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చి ఇందులో వేస్తే తెర వచ్చేస్తుంది. ఆదివారమంతా చేతిలో ఉంటుంది. పెన్‌డ్రైవ్ చిన్నది, చోటు చాలదు. సారిక దాన్ని రమ్యశ్రీ ఎప్పుడో ఇచ్చిన, బరువైన ప్రోగ్రాంలు నడవని పాత లాప్‌టాప్‌కి పెట్టి, అందులో ఉన్న నకలు తీసేసి ఖాళీ చేసింది. ఒక్కరోజే కదా, అసలు పెట్టెలో భద్రంగానే ఉంది. ఎదురుగా మంచమ్మీద కూచున్న తబిత ఆ పని చూస్తూనే ఉంది గానీ, ఎర్రదీపం మిణుకుమిణుకుమనడం తప్ప ఆమెకేం బోధపడలేదు.

శనివారం పొద్దున్నే సారిక ఆటో ఎక్కింది. ఎక్కాక తబిత ఫోన్ చేసింది, కూచోడానికి చోటు దొరికిందా అని. దిగి ఉంటుందనుకున్నప్పుడు చేసింది. టిఫిను తిన్నదో లేదోనని చేసింది. ఆ గది ఉన్న వీధిలో కుక్కలున్నాయని ఎప్పుడో విన్నట్టు గుర్తొచ్చి మళ్లీ చేసింది. అప్పుడు సారిక విసుక్కోకుండానే అంది: "అమ్మా, నువ్వు చేసినప్పుడల్లా నేనెక్కడున్నానో మర్చిపోతున్నా. ఫోన్ సైలెంట్‌లో పెడుతున్నా. పనయ్యాక నేనే చేస్తా."

ఆ వారం సమాజం సంపూర్ణమ్మగారింట్లో. ఆవిడ టీచరుగా చేసి రిటైరయ్యారు, సమాజానికి అధ్యక్షురాలు. మనిషి మంచిది. ఊళ్లో ఎవరికి పురుడొచ్చినా, ఎవరు మంచాన పడినా ముందు ఆవిడ గొడుగే ఆ వీధిలో కనపడుతుంది. ఆవిడ అడిగితే లేదనడం ఎవరికీ అలవాటు లేదు.

మనవులు మొదలయ్యాయి. ఒకామె మోకాళ్ల గురించి చెప్పుకుంది. ఇంకొకామె, ఐసు లారీ మీద యానాం వెళ్లినప్పుడల్లా మందు సీసాలతో తిరిగొచ్చే మొగుడి గురించి చెప్పి కళ్లొత్తుకుంది. తబిత వంతు వచ్చింది. తల వంచుకుని చాపమీద ఈనెలు లెక్కపెడుతున్నట్టు కూచుంది. అక్కడితో దాటిపోయేదే.

"ఏమ్మా తబితమ్మా, ఈ వారం సారిక గురించి ఏం చెప్పలేదు? అంతా క్షేమమేనా?" అన్నారు సంపూర్ణమ్మగారు.

గొంతులో అంత ఆప్యాయత ఉంటే తబిత తట్టుకోలేదు. నోరు ముందు కదిలింది, మాటిచ్చిన సంగతి వెనకాల గుర్తొచ్చింది. కంప్యూటర్ నల్లబడిపోవడం, సోమవారం పొద్దున్న కంపెనీవాళ్లు చూస్తామనడం, రెండ్రోజులుగా పిల్ల తిండి సరిగ్గా తినకపోవడం అన్నీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ గుండెల మీంచి ఒక్కో ఇటుకా తీసి కింద పెడుతున్నట్టుంది. అక్కడున్న ఆడవాళ్లందరూ అయ్యో అన్నారు. ఆ అయ్యోలు వినడానికి ఆమె రెండ్రోజులుగా మొహం వాచి ఉంది.

సంపూర్ణమ్మగారు నిలబడి ప్రార్థన చేశారు. ఆ యంత్రంలోని ప్రతి భాగాన్నీ ముట్టి బాగుచెయ్యమనీ, దానికి తగిన మనిషిని పంపమనీ వేడుకున్నారు. ఆమేన్ అన్నారందరూ. కళ్లు తెరిచాక ఆవిడ లోపలికి కేకేశారు. వాళ్లబ్బాయి ఫిన్నీకి భీమవరంలో కంప్యూటర్ షాపుంది. శనివారం కదా, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఉన్నాడు, పక్క గదిలోనే.

తగిన మనిషి పక్క గదిలోంచి రావడం చూసి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఫిన్నీ నెమ్మదైన కుర్రాడు. సంచి తగిలించుకుని వాళ్లమ్మను బండెక్కించుకుని వచ్చాడు. తబిత వెనకాల గబగబా నడిచి వచ్చి తలుపు తీసింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూసి అతను రెండు మీటలు నొక్కాడు, పెదవి విరిచాడు.

"ఓఎస్ ఎగిరిపోయిందండి, ఆంటీ. లైనక్స్ ఇళ్లల్లో ఎవరూ వాడరండి. ఫార్మాట్ కొట్టేసి విండోస్ వేసేస్తాను, నీట్‌గా వచ్చేస్తది" అని, సంచి విప్పబోతూ ఆగాడు. "లోపల కావాల్సినవి ఏమన్నా ఉన్నాయేమో చెప్పండి. మొత్తం పోతాయి మరి."

అతను అడిగాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా, అతను అడగలేదని అనుకోవడానికి తబితకు వీల్లేకపోయింది.

ఆమె సారికకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. భీమవరంలో, రమ్యశ్రీ గదిలో, పరుపు మీద బోర్లా పెట్టిన ఫోన్ చప్పుడు లేకుండా వెలిగి ఆరుతూ ఉండి ఉంటుంది.

"కాస్సేపు ఆగుదామాండి" అంది తబిత.

"వాడు షాపుకెళ్లిపోవాలమ్మా, మళ్లీ సోమవారం దాకా రాడు. సోమవారమేగా మీకు కావాల్సింది?" అన్నారు సంపూర్ణమ్మగారు కుర్చీలో కూచుంటూ. "ప్రార్థన చేసిన నోటితోనే ఆగమంటావేంటి? ఎవరు పంపేరనుకుంటున్నావ్ వీణ్ణి?"

అడిగి తెచ్చుకున్న సాయాన్ని గుమ్మంలో నిలబెట్టడం తబిత వల్ల కాలేదు. అప్పుడే ఆమె బుద్ధికి ఒక దారి దొరికింది. నా ఫైల్స్‌కి ఏం కాలేదని పిల్ల అంది కదా. తాళంచెవులకుండే ఆ చిన్నదాన్ని పట్టుకుని, నా ప్రాణమంతా ఇందులో ఉందమ్మా అని ఎన్నిసార్లు అనలేదు? నిన్న సాయంత్రం తన కళ్లముందే దాంతో ఏదో చేసింది. అంటే ఉన్నవన్నీ అందులోకి ఎక్కించుకుంది. అందుకే ఇవాళ అంత నిబ్బరంగా పట్టుకెళ్లింది. ఇంత తెలివైన పిల్ల, పాడైపోయిన పెట్టెలో ప్రాణం వదిలేసి వెళ్తుందా?

"అన్నీ ఆ చిన్నదాంట్లో ఎక్కించుకుని పట్టుకెళ్లిందండి. లోపలేం లేవు" అంది.

సాయంత్రం టీ వేళకు తెర మీద నీలం వెలుగొచ్చింది. బొమ్మలొచ్చాయి. చెయ్యి కదిపితే బాణం గుర్తు కదిలింది. తబిత చేతులు జోడించింది. ఫిన్నీ డబ్బులు తీసుకోనన్నాడు. ఏసుపాదం పొద్దున్న తెచ్చిన రొయ్యలు వలిచి ఉంచినవి క్యారేజీలో పెట్టి బలవంతాన ఇచ్చింది. సంపూర్ణమ్మగారు మెట్లు దిగుతుంటే ఆపి, లోపలికెళ్లి కొత్త కవరొకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. రేపు చర్చిలో కృతజ్ఞత కానుక వెయ్యమని. దేవుడు జవాబిచ్చాక ఆలస్యం చెయ్యకూడదని ఆమె నమ్మకం. పైగా ఇంకో భయం కూడా, ఆలస్యం చేస్తే ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడేమోనని.

సారిక చీకటి పడకముందే వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "దొరికేయమ్మా, అన్నీ దొరికేయి" అంటూ చెప్పులు విడిచింది. "ఎందుకమ్మా అన్నిసార్లు చేసేవ్? ఇప్పుడే చూసేను."

తబిత నవ్వుతూ గది వైపు చెయ్యి చూపించింది. ఆ నవ్వు ఆమెకు తర్వాత చాన్నాళ్లు గుర్తుంది.

సారిక గుమ్మంలో ఆగిపోయింది. తర్వాత కుర్చీలో కూచుని, బొమ్మల మీద ఒక్కోటీ నొక్కి, తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. ఏదో వెతుక్కుంటోందని తబితకు అర్థమైంది.

"ఎవరొచ్చేరమ్మా?"

చెప్పింది.

"లోపలేమన్నా ఉన్నాయా అని అడిగేడా?"

"అడిగేడే."

"నువ్వేమన్నావ్?"

తబిత చెప్పింది. తాళంచెవుల గుత్తి వైపు చూస్తూ చెప్పింది. సారిక ఆ గుత్తి తీసి బల్ల మీద పెట్టింది, నెమ్మదిగా.

"ఇందులో గిన్నెలున్నాయమ్మా" అంది.

అరిస్తే బాగుండేది. ఏసుపాదం వచ్చి సంగతి విని, తలపాగా గుడ్డ తీసి మొహం తుడుచుకుని గట్టు మీదికి వెళ్లిపోయాడు. ఆయన కూడా అరవలేదు. సారిక రమ్యశ్రీ లాప్‌టాప్ పక్కన పెట్టుకుని, చెరిపేసినవాటిని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఏవేవో ప్రయత్నించింది. ఉన్నదాని మీద ఇంకోటి రాసేశారు కాబట్టి ముక్కలే వచ్చాయి, ఒక్కో ముక్కా ఏ నాలుగు వరసలో. వాటిని పక్కన పడేసి ఆదివారం పొద్దున్న నుంచి గుర్తున్నంత మళ్లీ రాయడం మొదలెట్టింది. ఈసారి కూనిరాగం లేదు.

చర్చికి తబిత ఒక్కతే వెళ్లింది. వెళ్లకపోతే కవరు మాట గుర్తొచ్చి ఉండలేకపోయింది. ఆరాధనకు ముందే సంపూర్ణమ్మగారిని పట్టుకుని వెనక్కి తీసుకోవాలనుకుంది. ఆవిడ అప్పటికే ముందు బల్ల దగ్గర, పాస్టరు అయ్యగారి పక్కన ఉన్నారు. కానుకల వేళ అయ్యగారు కవర్ల మీద పేర్లు చదివారు. పుట్టినరోజు, పెళ్లిరోజు, ఆపరేషన్ క్షేమంగా జరిగినందుకు. తర్వాత, "ఏసుపాదం తబిత దంపతుల కుమార్తె సారిక కంప్యూటర్‌ని ప్రభువు బాగుచేసిన నిమిత్తం" అని చదివి, ఆయన కూడా కాస్త నవ్వి, దేవుడికి చిన్నవని లేవు పెద్దవని లేవు అన్నారు. సంపూర్ణమ్మగారు లేచి శనివారం జరిగిందంతా సాక్ష్యంగా చెప్పారు. పక్క గదిలోంచి ఫిన్నీ రావడం రెండుసార్లు చెప్పారు. మగవాళ్ల వైపు నుంచి కూడా స్తోత్రం అన్నారు.

తబిత లేచి నిలబడి, బాగుపడలేదండి, పోయిందండి అనొచ్చు. ఆమె కాళ్లు ఆ మాటకు సిద్ధంగానే ఉన్నాయి. అంటే ఆ ప్రార్థన ఏమవుతుంది, ఆ పెద్దావిడ మొహం ఏమవుతుంది, ఫిన్నీ షాపు పేరేమవుతుంది అని ఒకదాని వెనక ఒకటి కనపడ్డాయి. అందరితోపాటు ఆమేన్ అంది. బయటికొస్తుంటే మెట్ల దగ్గర ఒక్కొక్కరూ ఆమె భుజం తట్టారు.

సోమవారం పొద్దున్న గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తబిత బయట గోడకు ఆనుకుని నిలబడింది. కంపెనీవాళ్లు ముగ్గురో నలుగురో మాట్లాడుతున్నారు, ఇంగ్లీషులో. సారిక చేసినంత చూపించింది. మధ్యలో తడబడింది. ఏదో నడవలేదు. అవతల ఒకాయన తెలుగులోకి దిగి, ఇంత మంచి ఆలోచన ఉండి పని సగంలో ఉందేంటమ్మా, నెల్రోజులు ఇచ్చేం కదా అన్నాడు, కోపంగా కాదు. మా అమ్మ వల్లేనండి అంటుందని తబిత చూసింది. అనాలని కోరుకుంది కూడా.

"బ్యాకప్ పెట్టుకోలేదండి. నా తప్పేనండి" అంది సారిక.

కంప్యూటర్ల వాళ్లు బ్యాకప్ లేకపోవడాన్ని ఎంత చిన్నతనంగా చూస్తారో అవతలాయన అలాగా అన్న తీరులో తబితకు కూడా తెలిసింది. తెలియజేస్తాం అన్నారు వాళ్లు.

కాల్ అయ్యాక తలుపు తోసి, నా పేరు చెప్పాల్సింది, నేను మాట్లాడేదాన్ని కదా అంది తబిత. సారిక వైర్లు పీకుతోంది. "ఏమని చెప్పమంటావ్? మా అమ్మ ప్రార్థన పెట్టించిందండి అనా?" అంది. తర్వాత కాస్త మెత్తబడి, "నీకు నామీద నమ్మకం లేదని కాదమ్మా నా బాధ. బాగవుతుందని రెండ్రోజులు చెప్పేను. నువ్వు నన్ను తప్ప ఊళ్లో అందరినీ అడిగేవ్" అంది.

ఆ వారంలోనే సారిక రమ్యశ్రీ గదికి మారిపోయింది. ఇంట్లో నెట్టు లేదు, అక్కడుంటే ప్రయత్నాలు చేసుకోవచ్చని నాన్నకు చెప్పింది. ఆయన సరేనన్నాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది, తనే. తిన్నానంటుంది, బానే ఉన్నానంటుంది. ఏం చేస్తున్నావే అంటే చదువుకుంటున్నానంటుంది. ఎక్కడికన్నా రాసేవా అంటే చూస్తున్నానంటుంది. ఇదివరకు అన్నీ చెప్పేది, ఏ కంపెనీ, ఏం అడిగారు, తనేం చెప్పింది. ఇప్పుడు తబిత ఎంత తవ్వినా బానే ఉంది దగ్గర తెగిపోతుంది. తెలిసిన భయాలతో ఆమె ఏడాదంతా కాపురం చేసింది. ఈ తెలియనిదానితో ఎలా ఉండాలో ఆమెకు చేతకావడం లేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఏసుపాదం అన్నం తింటున్నాడు. చెరువుల్లో నీళ్లు మారుతున్నాయి, నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. పులుసు కలుపుకుంటూ, ఏదో ధ్యాసలో అన్నాడు: "పిల్లకి గొడుగొకటి కొనివ్వాలే. ఒకటో తారీకు నుంచి బస్సులో పోవాలంట రోజూ."

"ఎక్కడికండి?"

ఆయన చెయ్యి కంచంలో ఆగింది.

తబిత నిలబడే ఉంది, చేతిలో మజ్జిగ చెంబు. బయట తాటాకుల మీద వాన చప్పుడు. ఆయన తల ఎత్తలేదు.

"ఉద్యోగమాండి?"

"చిన్నదేలే. భీమవరంలోనే."

"ఎప్పుడు చెప్పింది మీకు?"

"పదిరోజులయ్యింది." మింగలేక మింగలేక ముద్ద మింగి, "నిలకడగా చేరేక తనే చెప్తానంది. అప్పటిదాకా నీకు చెప్పొద్దంది. నీ మీద కోపంతో కాదే. నలుగురి నోళ్లలో పడకుండా చేరదామని" అన్నాడు.

ఏ ఆఫీసు, ఎవరు తీసుకున్నారు, వానలో ఏ బస్సు, తిరిగొచ్చేసరికి చీకటి పడుతుందా, ఆ దారిలో కాలవ పొంగితే ఎలా అని నోటిదాకా వచ్చాయి. తబిత ఒక్కటీ అడగలేదు. వంగి ఆయన కంచంలో మజ్జిగ పోసింది. పోస్తుంటే కంచం నిండి నేల మీద ఒలికింది. గుడ్డ తెచ్చి తుడిచింది.

సాయంత్రం సారిక ఫోన్ చేసింది. తిన్నావా అంది తబిత. తిన్నానంది. బానే ఉన్నావా అంది. బానే ఉన్నానంది. సరేనమ్మా ఉంటాను అని, ఎప్పుడూ లేనిది, తబితే ముందు పెట్టేసింది.